చిలకకి పదకొండు, బావకి ఏడు

మా అక్క మొగుడికి ఒకే ఒక్క గుణం ఉంది. మిగతావన్నీ దాని పిలకలే. ఎదురుపడ్డ మనిషి ఇంకా ఎన్నేళ్లు బతుకుతాడో మొహం మీదే చెప్పేస్తాడు. అడిగితే చెబుతాడనుకునేరు, అడక్కుండానే చెబుతాడు. నలుగురూ ఎండ గురించీ వాన గురించీ మాట్లాడుకునే చోట మా బావ చావు గురించి మాట్లాడతాడు, అదీ అంకెలతో. బాగున్నారా అని పలకరిస్తే, బాగానే ఉన్నాను, మీకింకా పద్దెనిమిది మిగిలాయి అంటాడు. అందుకని వీధి వీధంతా ఆయనకి 'మిగులు' అని పేరు పెట్టింది. ముందర మిగులు సారు, వెనకాల ఉత్త మిగులు.

ఇది జ్యోతిషం కాదు. ఆ మాటంటేనే ఆయనకి ఒళ్లు మంట. ముప్పై ఆరేళ్లు జీవిత బీమా ఆఫీసులో, ఆయుర్దాయం పట్టికలు కట్టే విభాగంలో పనిచేశాడు. ఒకసారి నేనక్కడికి వెళ్లాను. నాలుగో అంతస్తు. మూడు గోడలకీ ఇనప బీరువాలు, నాలుగో గోడకి కిటికీ, ఆ కిటికీకి కూడా అడ్డంగా ఒక బీరువా. ఆరుగురు గుమాస్తాలు తలెత్తకుండా రాసుకుంటున్నారు. ఎక్కడెక్కడ పోయినవాళ్లూ ఆ గదికి కాగితాలుగా వచ్చి చేరతారు. యాభై నిండినవాళ్లు వెయ్యిమంది ఉంటే అందులో యాభై ఒకటి చూసేవాళ్లెందరు, చూడనివాళ్లెందరు అన్నది అక్కడ తేలుతుంది. నేను చాలా దేశాల్లో చాలా శ్మశానాలు చూశాను గాని, అంత నిశ్శబ్దమైనది మరొకటి చూడలేదు. బావ అక్కణ్ణుంచి రిటైరయి వస్తూ ఒక మడత అట్ట జేబులో పెట్టుకుని వచ్చాడు. ఒకవైపు వయసులు, ఇంకోవైపు మిగిలిన ఏళ్లు, మగవాళ్లకీ ఆడవాళ్లకీ వేరువేరు గళ్లు. అది ఎవరికీ ఇవ్వడు, ఎవరికీ చూపించడు. కళ్లద్దాలు పైకెత్తి తనే చూసి అంకె చెబుతాడు.

మనలో ఒక మాట ఉంది కదా, ఎవరినైనా తలుచుకుంటూ ఉండగా ఆ మనిషే గుమ్మంలోకి వస్తే "నీకు నూరేళ్లాయుష్షు" అంటాం. మా బావ ఉన్న గదిలో ఆ మాట అనడానికి వీల్లేదు. "నూరెక్కడివి, ఇరవై రెండు" అని దిద్దుతాడు. పసిపిల్ల తుమ్మితే వాళ్ల నాయనమ్మ నూరేళ్లు అని తల నిమిరింది. బావ అట్ట తీసి, నూరు కాదుగాని డెబ్భై నాలుగుకి తక్కువ ఉండవమ్మా అన్నాడు. ఆవిడ పిల్లని చంకనేసుకుని లోపలికి వెళ్లి తలుపేసుకుంది. ఒక పెళ్లిలో వధూవరుల్ని దీవించమని పెద్దలు ఈయన్ని ముందుకు తోశారు. ఆయన దీవించాడు. "అమ్మాయీ, నీకు యాభై ఆరు. అబ్బాయికి నలభై ఆరు. మధ్యలో పదేళ్లు ఖాళీ ఉంది. ఇప్పట్నుంచే ఏదైనా అలవాటు చేసుకో, కుట్టుపనో, పేకాటో."

కింద కటింగ్ షాపు నడిపే అతను ఒకడున్నాడు. యాభై నాలుగేళ్లవాడు. బావ గడ్డానికి నురగ పూసి కత్తి గొంతు మీద పెట్టిన సమయం చూసుకుని, నీకు ఇరవై నాలుగోయ్ అన్నాట్ట. అతను కత్తి అక్కడే ఆపి, మీకెన్నో ఇప్పుడు నన్ను చెప్పమంటారా సార్ అన్నాట్ట.

అన్నిటికన్నా ఎక్కువ విన్నది మా అక్క. ఏటా పుట్టినరోజుకి ఆవిడకి అంకె చెప్పేవాడు. ఆ లెక్కన అక్క ఈయన తర్వాత తొమ్మిదేళ్లు ఉండాలి. ఆవిడ ఆ తొమ్మిదేళ్లకీ ముందే ఏర్పాట్లు చేసి పెట్టుకుంది. గోడలకి పసుపు రంగు వేయిస్తుందట, మంచం మధ్యలో కాళ్లు బార్లా చాపుకుని పడుకుంటుందట, రేడియోలో వార్తలు వచ్చే వేళకి కట్టేస్తుందట. ఈ పథకాలన్నీ భోజనాల దగ్గర ఈయనకే చెప్పేది. ఈయన అన్నం కలుపుకుంటూ, పసుపు మరీ ముదురుగా వేయించకు, గది చీకటి కొడుతుంది అని సలహా ఇచ్చేవాడు.

ఆ అక్క పదకొండు రోజుల జ్వరంతో పోయింది.

కట్టెల దగ్గర్నుంచి తిరిగి వస్తుంటే బావ నా పక్కన నడుస్తున్నాడు. ఏదో ఒకటి అనాలని నా నోరు కొట్టుకుంటోంది. ఆయనే అన్నాడు. "పట్టికలో తప్పు లేదు. మీ అక్కే తొందరపడింది."

ఆ తర్వాత ఏడాది పొడుగునా ఆయన ఎవరికీ అంకె చెప్పలేదు. చెబితే తిట్టుకున్న వీధే చెప్పకపోయేసరికి బెంగపెట్టుకుంది. కటింగ్ షాపతను దువ్వెన నోట్లో పెట్టుకుని, సార్, నాకు మొన్నటికి ఏడాది తగ్గి ఇరవై మూడై ఉండాలి కదా అని కదిపి చూశాడట. మిగులు సారు అద్దంలోకి చూస్తూ, వెనక కొంచెం పొట్టిగా కత్తిరించు అన్నాడట. అతను ఆ రోజు మధ్యాహ్నానికే షాపు కట్టేశాడట.

అప్పుడు నేను ఇంకో మూల ఉన్నాను. ఒక రేవు పట్నంలో అద్దె గది, చదవని పుస్తకాలు, ఎక్కని ఓడ. అక్కడికి ఒక ఉత్తరం వచ్చింది. పూర్తి పాఠం ఇది: "పెద్ద చిలకని పెంచుదామనుకుంటున్నాను. ఏ జాతి అన్నది తేలాలి. రా."

చిలకల విషయంలో మా ఇంట్లో నేను పండితుణ్ణి. కారణం, ఒకప్పుడు ఒక పెద్ద నది ఒడ్డున మట్టి గట్టు మీద అడవి మకావ్‌లు వందలకొద్దీ వాలి మన్ను తినడం చూశాను. నా చెయ్యంత పొడుగు తోకలు, నీలం వీపులు, పసుపు పొట్టలు. ఎగిరేటప్పుడు రెండేసి రెండేసి, రెక్కకి రెక్క తగిలేటట్టు ఎగురుతాయి. మధ్యలో ఒకటి ఒంటరిగా వస్తే పడవవాడు చూపించి, దాని జోడు పోయింది, ఇక అది అలాగే తిరుగుతుంది అన్నాడు. అతను చెప్పింది ఎంత నిజమో నాకు తెలియదు. పడవవాళ్లు బాటసారులకి ఇలాంటివి చెబుతూనే ఉంటారు. సరే, దారి తప్పాను.

వెళ్లేసరికి ముందుగది గోడకి నాలుగు పెద్ద కాగితాలు అంటించి ఉన్నాయి. బూడిద రంగు చిలక, తెల్ల కాకటూ, ఆకుపచ్చ పెద్ద చిలక, మకావ్. ఒక్కొక్కదానికీ బరువు, తిండి, అరుపు, ముక్కు బలం, మాటలు నేర్చే తెలివి అని గళ్లు గీశాడు. చివరి గడి మాత్రం ఎర్ర సిరాతో ఉంది. ఆయుష్షు.

ఏది నచ్చింది బావా అన్నాను.

"చివరి గడి. దేనికెక్కువుంటే అది."

ఎందుకన్నాను.

"నాకు డెబ్భై ఆరు, ఏడు మిగిలాయి. పెద్ద చిలక్కి అరవై దాకా ఉంటాయి. పిల్లని తెచ్చుకుంటే అదే నన్ను సాగనంపుతుంది. ఇంకొకర్ని సాగనంపే ఓపిక నాకు లేదోయ్."

కరెంటు బల్బు మార్చడానికి నిచ్చెన ఏది తెస్తే బాగుంటుందో చెప్పినట్టు చెప్పాడు. నేను కాగితాలవైపు తిరిగి, వాటిని శ్రద్ధగా చదువుతున్నట్టు నిలబడ్డాను.

మర్నాడు పక్షుల దుకాణానికి వెళ్లాం. గింజల బస్తాలు, రెట్టల కంపు, చెవులు చిల్లులుపడే గోల. ఆ గోల మధ్య దుకాణదారు ఒక్కొక్క జాతినీ పెళ్లిచూపులకి తెచ్చినట్టు తెచ్చాడు. బూడిద చిలక అయిదు వందల మాటలు నేరుస్తుందన్నాడు. మా ఇంట్లో అన్ని మాటలకి పనిలేదని బావ దాన్ని వెనక్కి పంపాడు. కాకటూని భుజమ్మీద ఎక్కిస్తే అది తెల్ల తురాయి వాల్చి తల ఆయన గడ్డం కిందికి దూర్చింది. ఒక్క నిమిషం నిమిరి చెయ్యి తీయగానే ఇంకా నిమరమని అరిచింది. మళ్లీ నిమిరితే ఊరుకుంది, ఆపితే మళ్లీ అరిచింది. రోజంతా ఇంతేనా అని బావ అడిగాడు. రోజంతా ఇంతేనన్నాడు దుకాణదారు. దిగేటప్పటికి ఆయన నల్లకోటు పిండిమరలోంచి వచ్చినట్టు తెల్లబడింది. వాటి ఈకల్లోంచి అలా పొడి రాలుతుంది. ఆకుపచ్చది పాట పాడింది, పాట మధ్యలో నా చిటికెనవేలు కొరికింది, మిగతా పాట పూర్తి చేసింది.

ఆఖరికి మకావ్ వచ్చింది. ఏడాది పిల్ల. రాయిలాంటి పిక్కని ఒక్క నొక్కుకి రెండు చేసింది. తర్వాత బావ జేబులో కలాన్ని కూడా రెండు చేసింది. ముప్పై ఆరేళ్లు చావులు రాసిన కలం అది. బావకి ఆ పిట్ట నచ్చింది.

"ఎన్నేళ్లుంటుంది?"

"గుండ్రాయి సార్. మీ మనవలక్కూడా మిగులుతుంది."

"మనవలు లేరు. నీకెన్నేళ్లు?"

"నలభై నాలుగండి."

ఏడాది తర్వాత మొదటిసారి బావ చెయ్యి జేబులోకి వెళ్లింది. అట్ట బయటికొచ్చింది. "నీకు ముప్పై మూడు. అంటే దీన్ని నువ్వూ పూర్తిగా చూడలేవు" అన్నాడు. దుకాణదారు గింజల బస్తా మీద కూలబడ్డాడు. కాసేపటికి తేరుకుని, ఈ పిట్టని కొనేముందు పక్షుల డాక్టరమ్మని ఒకసారి కలవండి అని చిరునామా రాసిచ్చాడు. మమ్మల్ని వదిలించుకోవడానికే ఇచ్చాడని నా అనుమానం. నేను మాత్రం సంతోషించాను. బావ మళ్లీ అంకె చెప్పాడు.

డాక్టరమ్మ ఆసుపత్రి అంటే వెనక సందులో రెండు గదులు, వాటి వెనక రేకుల షెడ్డు. ఆవిడకి నలభై ఉంటాయి. మూడు వేళ్లకి కట్లున్నాయి. అన్నిటికన్నా ఎక్కువకాలం బతికే జాతి ఏదని బావ అడిగితే ఆవిడ, రండి అని షెడ్డులోకి తీసుకెళ్లింది.

ఆరు పంజరాలున్నాయి. ఆరింటి యజమానులూ పోయారు. పెద్ద చిలక సంగతి ఇదే, మనిషి అయిపోతాడు, అది అవదు. ఒకటి ముసలాయన దగ్గు దగ్గుతోంది, ఆ దగ్గు చివర కాండ్రించడంతో సహా. ఒకటి ఫోను మోగినట్టు మోగి, తనే ఎత్తి, హలో ఎవరూ అంటోంది. ఒక పంజరంలో మొగుడూ పెళ్లాం పోట్లాడుకుంటున్నారు, గొంతులు రెండు, చిలక ఒకటే. ఆ మొగుడూ పెళ్లాం పోయి మూడేళ్లయిందని డాక్టరమ్మ చెప్పింది. వాళ్ల పోట్లాట మాత్రం తెగలేదు. నేను చాలా దయ్యాల కథలు చదివాను, ఒక్కదానికీ భయపడలేదు. అక్కడ మాత్రం బావ కోటు పట్టుకున్నాను.

మూల పంజరంలో ఒక మకావ్. తల మీద నీలం ఈకలున్నాయి. మెడ కింద నుంచి ఏమీ లేదు. కూరకి శుభ్రం చేసిన కోడిలా ఉంది. ముక్కు అందిన చోటల్లా అది తన ఈకలు తనే పీక్కుంది. దానికి యాభై రెండేళ్లు. దాన్ని చివరి ముప్పై ఎనిమిదేళ్లూ పెంచిన పంతులమ్మ ఒకనాడు కుర్చీలో కూర్చుని అలాగే పోయింది. నాలుగు రోజుల దాకా ఎవరూ చూసుకోలేదు. గదిలో ఆ నాలుగు రోజులూ ఇది ఒక్కతే ఉంది. పంతులమ్మ రోజూ పొద్దున్నే పంజరం మీది గుడ్డ తీసి దీన్ని అడిగే మాట ఒకటుంది. ఆ మాట ఇప్పుడు ఇది అడుగుతోంది, ఆవిడ గొంతుతోనే.

"లేచావా?"

కాసేపు ఆగి, తల ఒకవైపు వాల్చి, మళ్లీ. "లేచావా?"

బావ ఆ పంజరం ముందు చాలాసేపు నిలబడ్డాడు. మనిషి పోయిందని దానికి తెలుస్తుందా అని అడిగాడు.

"మనకి తెలిసినంతా తెలుస్తుంది సార్. చెప్పేవాళ్లే ఉండరు."

ఇంటికి రాగానే బావ కోటైనా విప్పకుండా గోడ మీద నాలుగు కాగితాలూ చింపేశాడు. నేను నీళ్లు ఇచ్చాను. తాగి, "చివరి గడి తిరగేసి చదివాను" అన్నాడు. ఇప్పుడు ఆయనకి తనకన్నా తక్కువ మిగిలిన చిలక కావాలి.

"అప్పుడు సాగనంపేది నువ్వవుతావు బావా."

"అవుతాను. నాకు అలవాటైంది. దానికెందుకు అలవాటు చెయ్యడం?"

తెల్లవారి మళ్లీ వెళ్లాం, ఆ బోడి చిలక కోసం. డాక్టరమ్మ మొదట నమ్మలేదు. షెడ్డున్న స్థలం చేతులు మారింది, పై వారం కూలగొడతారు. అయిదు పిట్టలకి ఇళ్లు దొరికాయి. దీన్ని చూసినవాళ్లెవరూ రెండోసారి చూడలేదు. శుక్రవారం పొద్దున్న సూది వేసి నిద్రపుచ్చేద్దామని ఆవిడ మనసు రాయి చేసుకుని కూర్చుంది. ఆవిడ దగ్గర ఒక ఫారముంది, తనే తయారుచేసుకుంది. అందులో రెండు గళ్లు. ఒకటి పెంచే మనిషి. రెండోది ఆ మనిషి తర్వాతి మనిషి. రెండో గడి నిండకుండా పెద్ద చిలకని ఆవిడ ఎవరికీ ఇవ్వదు. మీకిచ్చేటట్టయితే ఆ గడి ఖాళీగా వదిలేస్తాను సార్ అంది. బావ ఫారంలో గడి ఖాళీగా వదిలిన మనిషి కాడు. పైగా లెక్క తేలకుండా సంతకం పెట్టే మనిషి అంతకన్నా కాడు.

రెండు రోజులు ఆవిడ పాత రిజిస్టర్లు ముందేసుకుని కూర్చున్నాడు. ఆ ఆసుపత్రిలో చచ్చిపోయిన ప్రతి పెద్ద చిలకనీ ఎత్తి రాసుకున్నాడు. ఏ జాతి, ఏ వయసు, ఏ జబ్బు. చిలక మనిషికి జోస్యం చెబుతుందని విన్నాం, మనిషి చిలకకి ఆయుర్దాయం కట్టడం నేనక్కడే చూశాను. ఆయన మొహంలో ఏడాదిగా లేని వెలుగు వచ్చింది. మధ్యలో తల ఎత్తి, ఈ పని ఇదివరకు ఎవరైనా చేశారా అని డాక్టరమ్మని అడిగాడు. ఎవరికీ అంత తీరిక లేదు సార్ అందావిడ. బుధవారం సాయంత్రానికి పట్టిక తేలింది. యాభై రెండేళ్ల మకావ్‌కి పదకొండు.

బావ కలం కింద పెట్టేశాడు. పదకొండు దానికి. ఏడు ఈయనకి. నాలుగేళ్లు తక్కువ.

డాక్టరమ్మ నచ్చజెప్పింది. శుక్రవారం కన్నా ఏడేళ్లు ఎక్కువే కదా సార్ అంది. నేనూ నచ్చజెప్పాను. రేపటి సంగతి ఎవరికెరుక అన్నాను. నాకెరుక అన్నాడు. "ఏడేళ్లు పోయాక అది మళ్లీ ఒక కుర్చీ ముందు నాలుగు రోజులు పిలుస్తూ కూర్చోవాలి. అంతకన్నా మీ సూదే నయమమ్మా. నేను సంతకం పెట్టను." ఆవిడ కట్లున్న చేత్తో రిజిస్టర్లు సర్దింది.

అలాగని ఆయన చేతులు ముడుచుకు కూర్చోలేదు. గురువారమంతా నాలుగేళ్ల కోసం వీధిలో తిరిగాడు. ఎవరెవరికి అంకెలు చెప్పి అన్నం సహించకుండా చేశాడో వాళ్ల గుమ్మాలే ఎక్కాడు. అడిగే పద్ధతి కూడా ఆయనదే. కటింగ్ షాపతనితో, నీకింకా బోలెడున్నాయి, నేను పోయాక అందులో నాలుగు నా చిలకకి ఇయ్యి చాలు అన్నాడు.

"నా ఇరవై మూడులో మా అత్తగారే పద్దెనిమిది తినేస్తుంది సార్" అన్నాడతను.

పై అంతస్తులో బట్టలు కుట్టే ఆవిడ ఒకరున్నారు. బావ అంకె చెప్పిన నాటికి నలభై తొమ్మిదేళ్లు, ఒంటరి మనిషి. ఆవిడ మిషను ఆపి మర్యాదగా విన్నది. "మీరు నాకు ముప్పై ఒకటని చెప్పాకే సార్, ఇంకెన్నాళ్లుంటాంలే అనుకునే దాన్ని, కొత్త మిషను పెట్టుకున్నాను. మీ మాటంటే నాకు గురి. కానీ చిలక బొత్తాలన్నీ పీకేస్తుంది" అంది. రిటైరయిన బ్యాండు మాస్టారు, ఏమండీ, మనిషి చావే కాక పిట్ట చావు కూడా నాకు పంచుతారా అని కుర్చీ లోపలికి లాక్కున్నాడు.

సాయంత్రం మెట్ల మీద కూర్చుని బావ కాళ్లు పిసుక్కున్నాడు. నావైపు చూసి, "నీకు పద్నాలుగున్నాయి, ఏం లాభం, ఫారంలో రాయడానికి చిరునామా లేదు" అన్నాడు. నిజమే. నలభై ఏళ్లలో ఒక్కచోట నలభై వారాలున్న పాపాన పోలేదు. నిజం చెప్పాలంటే ఆ మాట విని నా ప్రాణం కుదుటపడింది కూడా.

శుక్రవారం పొద్దున్నే వెళ్లాం. బావ సరాసరి షెడ్డులోకి వెళ్లి మూల పంజరం ముందు బల్ల వేసుకు కూర్చున్నాడు. మిగతా అయిదు పంజరాలు అప్పటికే ఖాళీ. డాక్టరమ్మ సూదీ మందూ ట్రేలో పెట్టింది, దాని మీద గుడ్డ కప్పింది, ఆ గుడ్డ మళ్లీ తీసి సర్దింది. ఏదో ఒకటి చూడాలని చిలకల పట్టిక తీసింది. అందులోంచి అట్ట జారి బల్ల మీద పడింది. లెక్క కట్టే హడావుడిలో బావ తన అట్టని ఆ కాగితాల మధ్య మరిచిపోయాడు.

ఆవిడ దాన్ని విప్పి చూస్తూ, మీ వయసెంత అని నన్ను అడిగింది. డెబ్భై రెండన్నాను. మగవాళ్ల గడి మీద వేలు దించుకుంటూ వచ్చి ఆగింది.

"తొమ్మిది."

"పద్నాలుగు" అన్నాను.

"తొమ్మిదేనండి. చూడండి."

చూశాను. తొమ్మిదే. నాకు మొదట కోపమే వచ్చింది, అబద్ధం ఎందుకు, ఎవరైనా చెయ్యి పెట్టి అయిదేళ్లు లాగేసుకున్నట్టు అనిపించింది. తర్వాత యాభై నాలుగు చూశాను. పంతొమ్మిది ఉంది. కటింగ్ షాపతనికి చెప్పింది ఇరవై నాలుగు. ఆడవాళ్ల గడిలో నలభై తొమ్మిది చూశాను. ఇరవై ఆరు ఉంది, బట్టలు కుట్టే ఆవిడకి ముప్పై ఒకటి. పక్షుల దుకాణదారుకి చూశాను. ఎవరికి చూసినా అయిదు. కూరలవాడు తూకం వేశాక చూడకుండా నాలుగు మిరపకాయలు సంచిలో పడేసినట్టు, ఈ మనిషి కనిపించిన ప్రతివాడికీ అయిదేళ్లు కొసరు వేశాడు. మేం ముప్పై ఆరేళ్లు, ఆ పైన ఇన్నేళ్లు, ఆ కొసరు పుచ్చుకుంటూ ఆయన్ని తిట్టాం.

చివరికి డెబ్భై ఆరు చూశాను. ఏడు. తనకి మాత్రం ఉన్నదే చెప్పుకున్నాడు.

డాక్టరమ్మా నేనూ ఒకళ్ల మొహం ఒకళ్లం చూసుకున్నాం. ఆవిడ అట్ట మడిచి చేతి కింద పెట్టుకుంది. షెడ్డులోంచి మాటలు వినిపిస్తున్నాయి.

"లేచావా?"

"లేచాను."

"లేచావా?"

"లేచానమ్మా, ఇప్పుడే. చెప్పు."

నేను లోపలికి వెళ్లి బావని తీసుకొచ్చాను. తర్వాతి మనిషి గడిలో నా పేరూ, పక్కన నాకు మిగిలిన ఏళ్లూ రాయమన్నాను. చిరునామా అన్నాడు. మీ ఇల్లే అన్నాను. మరి నీ ఊళ్లు అన్నాడు. అవెక్కడికీ పోవు బావా, ఇన్నాళ్లూ నేనే పోయాను అన్నాను. ఇంకో అడ్డం వెతుక్కుంటూ ఆయన చెయ్యి జేబులోకి వెళ్లింది. జేబు ఖాళీ. డాక్టరమ్మ చేతి కింద అట్ట అంచు కనిపించింది. ఆయన మొహంలో రంగు మారింది.

"నాకు పద్నాలుగున్నాయి" అన్నాను. "చిలకకి పదకొండు. సరిపోతుంది. లెక్క నువ్వు చెప్పిందే."

ఆయన నన్ను చూశాడు, అట్టని చూశాడు. నాకు తొమ్మిదే అంటే చిలకకి సూదే. పైగా ఆ ఒక్క మాటతో వీధిలో ప్రతి ఇంటి నుంచీ అయిదేసి ఏళ్లు వెనక్కి లాక్కున్నట్టవుతుంది. పద్నాలుగంటే జీవితంలో మొదటిసారి ఒక ఫారంలో తప్పు అంకె పడుతుంది. అంకెలతో బతికిన మనిషి ఒక్క అంకె దగ్గర అంతసేపు ఆగడం నేనెన్నడూ చూడలేదు.

డాక్టరమ్మ కలం మూత తీసింది. "సార్, మీ బావమరిదికి ఎన్ని రాయమంటారు?"

"పద్నాలుగు" అన్నాడు మా బావ. గొంతు సవరించుకుని, "రాసుకోండమ్మా, పద్నాలుగు" అన్నాడు.

అట్టలో తొమ్మిదని తన వేలితో చూసిన ఆవిడ, గుండ్రటి అక్షరాలతో పద్నాలుగని రాసింది. ఆవిడకీ ఆయన వయసడిగి అంకె చెప్పాడు. ఎంత చెప్పాడో గాని ఆవిడ నవ్వింది.

పంజరం పట్టుకుని బస్సులో వస్తుంటే ఆగలేక అడిగాను. అందరికీ వేసిన ఆ అయిదూ నువ్వూ వేసుకోరాదా, పన్నెండయ్యేవి, ఈ బాధ లేకపోయేది కదా అని. బావ కిటికీలోంచి చూస్తూ, "తూచేవాడు తన సంచిలో కొసరు వేసుకోడోయ్" అన్నాడు. ఆ తర్వాత ఆ విషయం మేమెప్పుడూ ఎత్తలేదు. మీరూ కటింగ్ షాపతని దగ్గర ఎత్తకండి.

చిలక వచ్చి రెండు నెలలయింది. దాని ఒంటి మీద ఈకలు రాలేదు, ఇక రావని డాక్టరమ్మ చెప్పింది. అలవాటైతే ఆ బోడితనమే ఒక అందంలా ఉంటుందని చెప్పలేను, ఉండదు. అది రెండు కుర్చీలు, ఒక తలుపు అంచు, నా ప్రయాణపు పెట్టె పట్టీలు రెండూ తినేసింది. మొన్న నా చెవి కొరికింది. రక్తం తుడుచుకుంటూ, ఇది నావల్ల కాదు బావా అన్నాను. ఆయన దూది తెచ్చి ఇచ్చి, పంజరం మీద గుడ్డ సర్ది, "ఓపిక పట్టు, ఇంకెంత, పదేళ్ల పది నెలలేగా" అన్నాడు.